కాళ్లు నడిస్తే తెలివి నడుస్తుంది

"హకీం సాబ్, మతిమరుపు ఎక్కువైంది. ఏదైనా మంచి ఖమీరా రాయండి" అని అడిగేవారు ఈమధ్య బాగా పెరిగారు. అరవై దాటిన పెద్దలే కాదు, నలభై అయిదేళ్ల వ్యాపారులు, పదో తరగతి పిల్లల తల్లులు కూడా ఇదే అడుగుతున్నారు. యునానీలో మెదడుకు బలాన్నిచ్చే ఖమీరాలు, మాజూన్లు ఉన్న మాట నిజమే. అయితే మందు రాయడానికి ముందు నేను అడిగే ప్రశ్న ఒకటుంది: "రోజుకు ఎంతసేపు నడుస్తున్నారు?" ఇబ్బంది తలలో ఉంటే ఈయన కాళ్ల గురించి అడుగుతాడేమిటని చాలామందికి సందేహం వస్తుంది. ఈ వారం ఆ సందేహానికే జవాబు చెప్పుకుందాం.

జ్ఞాపకం వేరు, నిర్వహణ వేరు

మెదడు చేసే పనుల్లో జ్ఞాపకం ఒకటి మాత్రమే. దాంతోపాటు మరో ముఖ్యమైన శక్తి ఉంది. ఏ పని ముందు, ఏ పని వెనక అని తేల్చుకోవడం, చేస్తున్న పనిమీద దృష్టి నిలపడం, అవసరమైన సంగతులను కాసేపు మనసులో పట్టి ఉంచుకోవడం, అడ్డంకి వస్తే దారి మార్చుకోవడం, నోటిదాకా వచ్చిన మాటను ఆపుకోవడం దీని పనులు. వైద్యులు దీన్ని కార్యనిర్వహణ శక్తి అంటారు. మనం ఇంటి భాషలో 'పని నడిపే తెలివి' అనుకుందాం.

ఉదాహరణకు ఇంట్లో యాభై మందికి దావత్ ఉందనుకోండి. బియ్యం ఎప్పుడు నానబెట్టాలి, మాంసానికి పెరుగు, మసాలా ఎప్పుడు పట్టించాలి, ఎసరు ఎప్పుడు పెట్టాలి, దమ్ ఎప్పుడు వేయాలి అన్నది ఇల్లాలి మనసులో ఒక వరసలో ఉంటుంది. మధ్యలో చుట్టాలను పలకరిస్తుంది. గ్యాస్ అయిపోతే కట్టెల పొయ్యికి మారుతుంది. వేళకు వడ్డిస్తుంది. ఇదంతా పని నడిపే తెలివే. అలాగే దుకాణంలో లెక్క రాస్తున్న మనిషి ఫోను మాట్లాడి, గిరాకీకి సరుకిచ్చి, మళ్లీ లెక్కను ఆపిన చోటునుంచే అందుకుంటున్నాడంటే ఈ శక్తి బాగున్నట్టే.

పేరు మరిచిపోతే ఇంటివారు వెంటనే మతిమరుపు అంటారు. పని నడిపే తెలివి తగ్గితే మాత్రం గుర్తించరు. ముప్పై ఏళ్లుగా వండే కూరలో ఏది ముందు వేయాలో అమ్మ తడబడుతుంది. కరెంటు బిల్లు చేతిలోనే ఉన్నా నాన్న నెలల తరబడి కట్టడు. చిన్న మాటకే కోపం ఆపుకోలేడు. షుగరు మాత్ర వేసుకున్నాడో లేదో తేల్చుకోలేక రెండోసారి వేసుకుంటాడు. ఇంట్లోవారు దీన్ని మొండితనం, చాదస్తం అని తోసేస్తారు. కొడుకులు కోప్పడతారు, కోడళ్లు విసుక్కుంటారు. పాపం, ఆ పెద్దలు కావాలని చేయడం లేదు. ఒకరిమీద ఆధారపడకుండా బతికే ధైర్యం ఈ శక్తిమీదే నిలబడి ఉంటుంది. అందుకే దీన్ని కాపాడుకోవడం అంత ముఖ్యం.

యునానీ ఏమంటుంది?

ఆరోగ్యానికి తప్పనిసరి అయిన ఆరు విషయాలను యునానీలో 'అస్బాబె సిత్తా జరూరియా' అంటారు. గాలి, తిండీ నీరూ, శరీరపు కదలిక, విశ్రాంతి, మనసు కదలిక, విశ్రాంతి, నిద్ర, మెలకువ, విసర్జన, నిలుపుదల ఆ ఆరు. శరీరపు కదలికను తిండితో, నిద్రతో సమానంగా ఈ వరసలో పెట్టారని గమనించండి. వ్యాయామాన్ని 'రియాజత్' అంటారు. బూ అలీ సీనా (980-1037) తన 'అల్ ఖానూన్' మొదటి భాగంలోనే ఆరోగ్య రక్షణకు రియాజత్‌ను వివరంగా చెప్పారు. ఆయన దృష్టిలో మనిషి తన ఇష్టంతో చేసే, శ్వాసను లోతుగా, వెంటవెంట ఆడించే కదలికే రియాజత్. అంటే చెయ్యి ఊపినంత మాత్రాన సరిపోదు, ఊపిరి తెలియాలి.

కదలిక లేనప్పుడు శరీరంలో అనవసర పదార్థం పేరుకుంటుందనీ, సహజమైన వేడి, అంటే హరారతె గరీజీ, మందగిస్తుందనీ యునానీ సిద్ధాంతం. నిస్యాన్ అనే మతిమరుపుకు మెదడులో చలువ, తడి పెరగడాన్ని, అంటే బల్గమ్ ప్రభావాన్ని ముఖ్య కారణంగా చెప్పారు. మెదడు శక్తులను కూడా విడదీశారు. దాచుకునే శక్తి హాఫిజా. దాచిన వాటిని కలిపి, విడదీసి ఆలోచన నడిపే శక్తి ముతసర్రిఫా. జ్ఞాపకం వేరు, ఆలోచన నడిపే శక్తి వేరు అన్న తేడా మన గ్రంథాలకు కొత్త కాదన్నమాట. ఈ శక్తుల స్థానాల విషయంలో నేటి శాస్త్రం వేరుగా చెబుతుంది. పని నడిపే తెలివికి నుదుటి వెనక ఉన్న మెదడు భాగం, దాన్ని మిగతా భాగాలతో కలిపే దారులు ముఖ్యమని తేల్చింది.

నేటి పరిశోధనలు

పాత గ్రంథంలో ఉంది కాబట్టి నమ్మండి అని నేను చెప్పను. పరీక్షించి చూసిన వారి మాట కూడా విందాం.

1999లో అమెరికాలో 60 నుంచి 75 ఏళ్ల మధ్య వయసున్న 124 మందిని తీసుకున్నారు. అంతవరకు వారికి వ్యాయామం అలవాటు లేదు. కొందరిచేత ఆరు నెలలపాటు నడక, మిగతావారిచేత ఒళ్లు సాగదీసే తేలిక కసరత్తులు చేయించారు. నడిచినవారు ఒక పనినుంచి మరో పనికి మారడంలో, అనవసరమైనదాన్ని పట్టించుకోకుండా ఉండడంలో, మొదలుపెట్టిన చర్యను ఆపుకోవడంలో మెరుగయ్యారు. ఇవి అచ్చంగా పని నడిపే తెలివికి చెందిన పనులే. 2003లో ఇలాంటి 18 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు కూడా ఈ శక్తికే అన్నిటికన్నా ఎక్కువ లాభం కనిపించింది.

2011లో వెలువడిన మరో అధ్యయనంలో 55 నుంచి 80 ఏళ్ల మధ్య 120 మంది పాల్గొన్నారు. సగం మంది వారానికి మూడు రోజులు, రోజుకు 40 నిమిషాల చొప్పున ఏడాదిపాటు నడిచారు. జ్ఞాపకానికి కీలకమైన హిప్పోక్యాంపస్ అనే మెదడు భాగం వారిలో సుమారు 2 శాతం పెరిగింది. ఒళ్లు సాగదీసే కసరత్తులు మాత్రమే చేసినవారిలో అది 1.4 శాతం తగ్గింది. వయసుతోపాటు తగ్గడమే తెలిసిన భాగం నడకతో కొద్దిగా పెరిగిందంటే చిన్న విషయం కాదు.

నడకకూ మెదడుకూ సంబంధం ఏమిటి?

మొదటిది రక్తం. మన బరువులో మెదడు దాదాపు 2 శాతమే. కానీ శరీరం వాడుకునే ప్రాణవాయువులో దాదాపు 20 శాతం దానికే కావాలి. షుగరు, బీపీ ఏళ్ల తరబడి అదుపు తప్పితే మెదడు లోపలి సన్నని రక్తనాళాలు దెబ్బతింటాయి. అప్పుడు ముందుగా దెబ్బ తగిలేది చాలాసార్లు పని నడిపే తెలివికే. వ్యాయామం షుగరునూ, బీపీనీ అదుపులో ఉంచి ఆ నాళాలను కాపాడుతుంది.

రెండోది మెదడు కణాల పోషణ. వ్యాయామం చేసినప్పుడు బీడీఎన్ఎఫ్ అనే ప్రోటీన్ పెరుగుతుంది. మొక్కకు ఎరువులాగా ఇది మెదడు కణాల ఎదుగుదలకూ, వాటి మధ్య సంబంధాలకూ సాయపడుతుంది.

మూడోది నిద్ర, మనసు. రోజూ నడిచేవారికి నిద్ర బాగా పడుతుంది, దిగులు తగ్గుతుంది. నిద్రలేని మనిషికి, దిగులుతో ఉన్న మనిషికి ఏ పనీ వరసలో తోచదన్నది మనందరికీ అనుభవమే.

మన ఇళ్ల సంగతి

బళ్లారి, హోసూరు, సోలాపూర్, బరంపురం, యానాం, ఎక్కడ స్థిరపడినా మన పెద్దలు కాళ్లమీద బతికినవారు. దూది ఏకినవారున్నారు, గాజుల మలారం భుజాన వేసుకుని తిరిగినవారున్నారు, బట్టల మూటతో ఊరూరా వెళ్లి అమ్మినవారున్నారు. వారికి వేరే రియాజత్ అక్కరలేదు. ఇప్పుడు అదే కుటుంబాల్లో మనిషి పొద్దున గద్దె ఎక్కితే రాత్రికి దిగుతాడు. వీధి చివరి మసీదుకూ స్కూటరే. తిండి మాత్రం తాతలనాటిదే: బిర్యానీ, నహారీ, షీర్ ఖుర్మా. కదలిక పోయి తిండి మిగిలింది. మన ఇళ్లలో షుగరు, బీపీ ఇంతగా చేరడానికి ఇదొక పెద్ద కారణం.

ఎంతవరకు నమ్మాలి?

నడిస్తే మతిమరుపు రానే రాదని ఎవరైనా అంటే నమ్మవద్దు. 70 నుంచి 89 ఏళ్ల మధ్య వయసున్న 1,635 మందిపై రెండేళ్లు జరిగిన ఒక పెద్ద అధ్యయనం 2015లో వెలువడింది. మొత్తంమీద చూస్తే వ్యాయామం చేసిన వారికీ, ఆరోగ్య పాఠాలు మాత్రమే విన్నవారికీ మెదడు పనిలో పెద్ద తేడా కనిపించలేదు. అయితే 80 దాటినవారిలో, మొదట్లో శరీర పటుత్వం తక్కువగా ఉన్నవారిలో పని నడిపే తెలివికి కొంత మేలు జరిగింది. అప్పటికే తేలికపాటి నుంచి ఒక మోస్తరు డిమెన్షియా ఉన్నవారికి గట్టి వ్యాయామం చేయించినా జబ్బు నెమ్మదించలేదని 2018లో వెలువడిన బ్రిటన్ పరీక్ష చెప్పింది.

దీన్నుంచి తెలుసుకోవలసింది ఏమిటంటే, వ్యాయామం కాపలా కాసే గోడ లాంటిది. ఇల్లు కాలాక కట్టే గోడతో లాభం తక్కువ. డిమెన్షియాపై లాన్సెట్ కమిషన్ 2024లో మనం మార్చుకోగల 14 ముప్పులను పేర్కొంది. కదలిక లేకపోవడం వాటిలో ఒకటి. షుగరు, బీపీ, పొగ తాగడం, వినికిడి లోపం, దిగులు, ఒంటరితనం కూడా ఆ జాబితాలో ఉన్నాయి. అన్నిటినీ అదుపులో పెట్టగలిగితే దాదాపు 45 శాతం కేసులను నివారించవచ్చు, లేదా వెనక్కి నెట్టవచ్చునని వారి అంచనా. కాబట్టి నలభై, యాభై ఏళ్ల వయసులోనే మొదలుపెట్టాలి. అరవై దాటినవారు ఇక ఆలస్యమైందని కూర్చోకూడదు.

ఎలా మొదలుపెట్టాలి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సూచనల ప్రకారం పెద్దవారికి వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు వ్యాయామం కావాలి. అంటే వారానికి అయిదు రోజులు, రోజుకు 30 నిమిషాలు. అలవాటు లేనివారు ఈ క్రమంలో చేయండి.

1. మొదటి వారం రోజుకు 10 నిమిషాలు చాలు. వారానికి 5 నిమిషాల చొప్పున పెంచితే అయిదో వారానికి 30 నిమిషాలు అవుతాయి. ఏడో వారానికి 40 కూడా చేరుకోవచ్చు.

2. వేగానికి కొలత ఇది. నడుస్తూ పక్కవారితో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. మాటే రాకపోతే వేగం ఎక్కువైనట్టు. హాయిగా పాడగలిగితే అది షికారు, రియాజత్ కాదు.

3. వారంలో రెండు రోజులు కండరాలకు పని చెప్పాలి. కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా లేచి కూర్చోవడం పదిసార్లు, గోడకు చేతులు ఆనించి ముందుకు వంగి వెనక్కి నెట్టుకోవడం పదిసార్లు చేస్తే మొదటికి సరిపోతుంది. ఊపిరి బిగబట్టకూడదు.

4. అరవై అయిదు దాటినవారు వారానికి మూడు రోజులు గోడ పక్కన నిలబడి, ఒక చేత్తో ఆసరా పట్టుకుని, ఒంటికాలిమీద నిలబడడం అలవాటు చేసుకోవాలి. పడిపోకుండా కాపాడే సాధన ఇది.

5. కడుపు నిండుగా ఉన్నప్పుడూ, బాగా ఆకలిగా ఉన్నప్పుడూ వద్దు. మలమూత్ర విసర్జన అయ్యాక నడవాలి. ఎండాకాలం పొద్దున్నే, చలికాలం కాస్త ఎండ వచ్చాక మంచిది.

6. నడకకు ముందు కాళ్లూ చేతులూ తేలికగా రుద్దుకోవాలి, తర్వాత మెల్లగా మర్దన చేసుకోవాలి. యునానీలో దీన్ని 'దల్క్' అంటారు. వారానికి ఒకటి రెండుసార్లు నువ్వుల నూనెతో చేస్తే చాలు.

ఎప్పుడు ఆపాలో కూడా మన గ్రంథాల్లో ఉంది. ముఖంలో రంగు తేరుతూ, కదలిక తేలికగా ఉన్నంతసేపు కొనసాగించవచ్చు. ఒళ్లు బరువై అలసట మొదలైతే ఆపాలి. బల్గమీ మిజాజ్ ఉన్నవారు, అంటే ఒళ్లు చేసి బద్ధకంగా ఉండేవారు, కాస్త గట్టిగానే చేయాలి. సఫ్రావీ మిజాజ్ వారికి, అంటే బక్కపలచగా ఉండి త్వరగా వేడెక్కేవారికి, చల్లని వేళలో మితమైన నడక మేలు.

తరచుగా అడిగే సందేహాలు

అయిదు పూటలా నమాజు చేస్తాం కదా, వేరే వ్యాయామం ఎందుకు?

నమాజు ఇబాదత్. దాన్ని కసరత్తుగా లెక్కకట్టడం సరికాదు. రుకూ, సజ్దాల వల్ల నడుము, మోకాళ్లు వంగే అలవాటు నిలబడుతుందన్న మాట నిజమే. కానీ ఊపిరి వేగం పెరగదు. మసీదుకు నడిచి వెళ్లడం మాత్రం బాగా పనికొస్తుంది. మసీదు అయిదు నిమిషాల దూరంలో ఉంటే అయిదు పూటలకు రానూపోనూ 50 నిమిషాలు నడిచినట్టు. నమాజుకు వెళ్లేటప్పుడు పరుగులు పెట్టకుండా నిదానంగా రావాలని మనకు బోధ ఉంది కాబట్టి, ఇంటికి తిరిగి వచ్చేటప్పుడు వేగం పెంచండి.

ఇంటిపని చేసే ఆడవారికి నడక అవసరమా?

ఊపిరి తెలిసేలా చేసే ఊడ్చడం, తుడవడం, నీళ్లు మోయడం లెక్కలోకి వస్తాయి. పొయ్యి ముందు నిలబడడం లెక్కలోకి రాదు. మిక్సీ, వాషింగ్ మెషీన్ వచ్చాక ఇంటిపనిలో కదలిక బాగా తగ్గింది. బయటికి వెళ్లడం కుదరనివారు మిద్దెమీద నడవవచ్చు. ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగువారు కలిసి ఫజర్ తర్వాత నడిస్తే కబుర్లూ అవుతాయి, రోజూ తప్పకుండా సాగుతుంది. ఇంటి మగవారు ఆ అరగంట వారికి వీలు కల్పించాలి. పిల్లల టిఫిన్ పని ఆ అరగంట ఎవరు చూస్తారో ముందే తేల్చుకోండి.

పరీక్షల ఏడాది పిల్లలకు ఆట మాన్పించాలా?

మాన్పించవద్దు. 2014లో అమెరికాలో 7 నుంచి 9 ఏళ్ల పిల్లలు 221 మందిపై వెలువడిన అధ్యయనంలో, తొమ్మిది నెలలపాటు బడి అయ్యాక ఆటలాడిన పిల్లలు దృష్టి నిలపడంలో, ఒక ఆలోచననుంచి మరొకదానికి మారడంలో మెరుగయ్యారు. పెద్ద తరగతి పిల్లలకైనా ఆట మాన్పించి ట్యూషన్ పెంచడం వల్ల లాభం ఉంటుందని నేననుకోను. సాయంత్రం ఓ గంట ఆడనివ్వండి.

రంజాన్‌లో ఎలా?

పగటిపూట గట్టి వ్యాయామం వద్దు. ఇఫ్తార్ తర్వాత గంటో గంటన్నరో ఆగి మెల్లగా నడవండి. తరావీహ్‌కు నడిచి వెళ్లి రావడం మంచి మార్గం.

మరి ఖమీరా వద్దా?

అవసరమైనవారికి ఇస్తాం. కానీ కదలని మనిషికి ఖమీరా సగం పనే చేస్తుంది. పైగా ఖమీరాలు, మాజూన్లు చక్కెర పాకంలోనో తేనెలోనో చేస్తారు. షుగరు ఉన్నవారు అంగట్లో కొని సొంతంగా తినకూడదు.

ఈ జాగ్రత్తలు మరవకండి

గుండె జబ్బు ఉన్నవారు, ఇటీవల ఆపరేషన్ అయినవారు డాక్టరును అడిగే మొదలుపెట్టాలి. నడుస్తుండగా ఛాతీలో నొప్పి, బరువు, కళ్లు తిరగడం, మామూలుకు మించిన ఆయాసం వస్తే వెంటనే ఆగి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఇన్సులిన్ లేదా షుగరు మాత్రలు వాడేవారు ఖాళీ కడుపుతో నడవకుండా, జేబులో కాస్త చక్కెరో గ్లూకోజో ఉంచుకోవాలి. మెత్తని చెప్పులో, బూట్లో వేసుకుని, ఇంటికి వచ్చాక అరికాళ్లు చూసుకోవాలి. మోకాళ్ల నొప్పులున్నవారు మెట్లు మాని చదును నేలమీద నడవాలి.

మతిమరుపులన్నీ వయసువల్ల రావు. థైరాయిడ్ తగ్గడం, బి12 విటమిన్ లోపం, దిగులు, చెవులు సరిగా వినబడకపోవడం, కొన్ని నిద్రమాత్రలు కూడా ఇలా చేస్తాయి. మెట్‌ఫార్మిన్ చాలా ఏళ్లుగా వాడుతున్నవారిలో బి12 తగ్గే అవకాశం ఉంది. వీటిలో కొన్ని రక్తపరీక్షతోనో, వాడే మందులు చూస్తేనో తెలుస్తాయి. చాలావరకు సరిచేయవచ్చు కూడా. అందుకే పని వరస తప్పుతున్న పెద్దవారిని కోప్పడడం మాని ముందు పరీక్ష చేయించండి. అకస్మాత్తుగా మాట తడబడినా, మూతి వంకరపోయినా, ఒక చెయ్యి పడిపోయినా అది పక్షవాతం కావచ్చు. అప్పుడు హకీం దగ్గరికి కాదు, క్షణం ఆలస్యం లేకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇంట్లో ఒక్కరే నడిస్తే నెలకే ఆగిపోతుంది. నాన్నను నడవమని చెప్పి కొడుకు టీవీ ముందు కూర్చుంటే ఆ మాటకు బరువుండదు. ఇద్దరూ కలిసి బయలుదేరండి. గోడమీది క్యాలెండర్‌లో నడిచిన రోజుకు ఒక టిక్కు పెట్టండి. ఆరు నెలలు వదలకుండా చేసి, ఆ తర్వాత మతిమరుపు సంగతి మాట్లాడుకుందాం. ఇన్షా అల్లాహ్, అప్పటికి చాలామందికి నా మందు చీటీ చిన్నదవుతుంది.